సామర్లకోట తోట ఎందుకు మిగల్లేదు?

ఏటా జూలైలో మన కాలేజీల్లో ఒక పండగ జరుగుతుంది. మొక్కలు నాటే పండగ. బ్యానర్ కడతారు, ముఖ్య అతిథి వస్తారు, కడియం నర్సరీ నుంచి వ్యాన్‌లో మొక్కలు దిగుతాయి. అరగంటలో ఫొటోలు అయిపోతాయి. మా హాస్టల్ వెనకాల గోడ వారన ఒక గుంత ఉంది. నేను చూస్తుండగా మూడేళ్లలో ఆ ఒక్క గుంతలోనే మూడు మొక్కలు నాటాం. మొదటి ఏడు కానుగ, రెండో ఏడు వేప, మూడో ఏడు మళ్లీ కానుగ. ఇప్పుడు అందులో ఖాళీ టీ కప్పులున్నాయి.

పోయినేడు ఆ గుంత మళ్లీ తవ్వుతున్న తోటమాలి తాతను "ఈసారైనా బతుకుద్దా తాతా?" అని అడిగాను.

"మొక్కదేముంది బాబూ, బతుకుద్ది. మీరు జూలైలో ఫొటో దిగి ఎల్లిపోతారు. ఏప్రిల్లో నీళ్లెవరు పోత్తారు? ముందది సెప్పండి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నవ్వేసి వచ్చేశాను. తర్వాత కొన్నాళ్లకు మా వైపు ఒకప్పుడు ఉన్న ఒక పెద్ద తోట కథ చదువుతుంటే తాత మాట మళ్లీ గుర్తొచ్చింది. దేశంలో వృక్షశాస్త్రం మొదలైన చోట్లలో ఒకటైన ఆ తోట కూడా ఈ ప్రశ్నకు జవాబు లేకే పోయింది.

ఆ తోట సామర్లకోటలో ఉండేది. సామర్లకోట అంటే మనకు రైల్వే జంక్షన్, లేదంటే భీమేశ్వరుడి గుడి. మా ఉప్పాడ నుంచి పిఠాపురం మీదుగా వెళ్తే బస్సులో కాసేపటి ప్రయాణం. వందల సార్లు ఆ స్టేషన్లో రైలెక్కాను గానీ అక్కడ ఒక బొటానికల్ గార్డెన్ ఉండేదని ఇంజనీరింగ్ మూడో ఏడాది దాకా నాకు తెలీదు. తెలిశాక ఊళ్లో ముగ్గురు నలుగురు పెద్దవాళ్లని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు.

కథ ఇదీ. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1776లో ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా మద్రాసు వచ్చాడు. 1781లో సామర్లకోట దండులో పోస్టింగ్. జ్వరాలకు మందివ్వడం ఆయన ఉద్యోగం, మొక్కలు ఆయన పిచ్చి. రాజమండ్రి కొండల్లో మిరియపు తీగ దొరికితే తెచ్చి సామర్లకోటలో తోట వేశాడు. దాని పక్కనే రంగులకీ, మందులకీ, తిండికీ పనికొచ్చే మొక్కలన్నీ పెంచడం మొదలుపెట్టాడు. అప్పటికి ఈ తీరమంతా వృక్షశాస్త్రానికి అడ్డాలాగే ఉంది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలోనే. ఆయన తర్వాత కంపెనీ బొటానిస్ట్ అయిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాముల మీద పుస్తకం రాశాడు. రక్తపింజరిని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రస్సెల్ తర్వాత ఆ ఉద్యోగం రాక్స్‌బర్గ్‌కి వచ్చింది.

ఆయన చేసిన పనిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మొక్కకు లాటిన్ పేరు పెట్టి ఊరుకోలేదు. ఇక్కడివాళ్లు దాన్ని ఏమంటారో, దేనికి వాడతారో కూడా రాసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పని చేస్తుందని రాశాడు. ఆ తెలుగు పేరే తర్వాత 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామం అయ్యింది. శేషాచలం కొండల్లో ఉండే ఒక జాలారి జాతి చెట్టుకు 'తుంబుగ్గాయియా' అని ఆయన పెట్టిన పేరు కూడా తెలుగు నోటి నుంచి వచ్చిందే. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర మనకు తెలుసు కదా, ఆ చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయొచ్చని వివరంగా రాసినవాడు కూడా ఆయనే. మన ఇసక నేలల్లో దొరికే చిట్టీత మొక్క మొదట్లో పిండి ఉంటుందనీ, కరువు రోజుల్లో జనం దాన్ని తిని బతుకుతారనీ రాశాడు. 1790 ప్రాంతంలో ఈ జిల్లాల్లో భయంకరమైన కరువు వచ్చింది. అది కళ్లారా చూసిన మనిషి కాబట్టే గట్ల మీద కొబ్బరి, పనస, సగ్గుబియ్యం చెట్లు నాటించమని ప్రభుత్వానికి ఉత్తరాలు రాశాడు.

మరి అంత తోట ఏమైపోయింది?

మొదట అనుమానం తుఫాను మీదకే వెళ్తుంది. మన తీరంలో ఏది పోయినా ముందు సముద్రాన్నే అంటాం. 1787 మే నెలలో ఇంజరం, కోరంగి వైపు సముద్రం పొంగి ఊళ్లను ముంచేసింది. రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, సేకరణలు ఆ వరదలో పోయాయి. కానీ తోట దానివల్ల పోలేదు. మనిషి ఉన్నాడు గనక మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన పెద్ద పనంతా ఆ వరద తర్వాతే జరిగింది.

తోట పోయింది ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వల్ల. 1793లో రాక్స్‌బర్గ్‌ని కలకత్తా బొటానికల్ గార్డెన్ సూపరింటెండెంట్‌గా వేశారు. సామర్లకోటలో ఆ పనిని బెంజమిన్ హైన్ అనే జర్మన్ అందుకున్నాడు. ఆయన కూడా చిన్న మనిషేం కాదు, ఈ ప్రాంతపు ఖనిజాల మీద, ఉక్కు తయారీ మీద విలువైన విషయాలు రాశాడు. కానీ శ్రీరంగపట్నం పడిపోయాక 1800లో కంపెనీ ఆయన్ని మైసూరు సర్వేకి పంపించి, బెంగళూరు లాల్‌బాగ్ అప్పగించింది. హైన్ వెళ్లిపోయాడు. సామర్లకోటకు మూడోవాడు రాలేదు.

అంటే ఏమిటన్నమాట? మన భాషలో చెప్పాలంటే అది ఒక్కడే కమిట్లు కొట్టే ప్రాజెక్టు. ఆ ఒక్కడికి ప్లేస్‌మెంట్ రాగానే రిపాజిటరీ చచ్చిపోయింది.

ఇదే కాలంలో ఇదే కంపెనీ పెట్టిన కలకత్తా తోటను చూడండి. 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి దాన్ని మొదలుపెట్టాడు. బెంగాల్ కరువు చూసి, జనానికి తిండి చెట్లు, కంపెనీకి వ్యాపారపు మొక్కలు అని ప్రతిపాదన రాశాడు. ఆయన 1793లో చనిపోతే ఆ కుర్చీలోకి రాక్స్‌బర్గ్ వచ్చాడు. రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు ఉండి 1813లో వెళ్లిపోయాడు. ఆ తర్వాత 1817 నుంచి 1846 దాకా వాలిక్. 1864లో పెద్ద తుఫాను ఆ తోటలో చెట్లను కుప్పలుగా పడగొట్టింది. 1871లో వచ్చిన జార్జ్ కింగ్ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. మన వైపు వరదకీ అక్కడి తుఫానుకీ తేడా ఏంటంటే, అక్కడ దెబ్బ తగిలిన నాటికి ఒక పదవి ఉంది, ఆ పదవికి జీతం ఉంది, మనిషి పోతే ఇంకో మనిషిని వేయాలనే ఏర్పాటు ఉంది. 1963 నుంచి ఆ తోట బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. 2009లో జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. అక్కడి మహా మర్రిచెట్టు గురించి వినే ఉంటారు. దాని మొదటి మాను పుచ్చిపోతే 1925లో తీసేశారు. ఊడల మీదే చెట్టు నిలబడింది. ఆ తోట కూడా అలాగే నిలబడింది.

లాల్‌బాగ్ కథా ఇదే. హైదర్ అలీ వేసిన తోట, టిప్పు పెంచాడు, కంపెనీకి వచ్చింది. తర్వాత కామెరాన్, ఆయన తర్వాత 1908లో క్రుంబిగల్, ఆ తర్వాత జవరాయ, మరిగౌడ. ఒకరు పోతే ఒకరు. ఇప్పుడు కర్ణాటక ఉద్యానవన శాఖ చూస్తోంది. బెంగళూరులో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన మనవాళ్లందరూ అక్కడ సెల్ఫీ దిగే వచ్చారు. సామర్లకోటను చూసిన హైన్‌నే తర్వాత దాని బాధ్యతకు పంపారని ఎంతమందికి తెలుసు?

ఇక్కడిదాకా విని "అయితే అన్నీ ఒక డిపార్ట్‌మెంట్‌కి అప్పగిస్తే సరిపోతుందిగా" అనొచ్చు. సరిపోదనే నా వాదన. ఎందుకంటే తోటను ఏలేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు. సామర్లకోటను ఏలిందెవరు? లండన్‌లో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లు, మద్రాసు కౌన్సిల్, సలహాలిచ్చే సర్ జోసెఫ్ బ్యాంక్స్. వాళ్లలో ఒక్కరికీ సామర్లకోట ఎండ ఎలా ఉంటుందో తెలీదు. వాళ్లకు కావాల్సింది మిరియాలు, నీలిమందు, ఎర్ర రంగు. లెక్క కుదిరితే డబ్బు ఇచ్చారు, వేరే చోట అవసరం పడగానే మనిషిని లాగేసుకున్నారు.

నడిపిందెవరు? మొక్కలు మోసుకొచ్చినవాళ్లు, నీళ్లు తోడినవాళ్లు, "దీన్ని సోమిద అంటారు దొరా" అని చెప్పినవాళ్లు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చైన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. ఆకు ఈనె కూడా తప్పిపోకుండా వేసిన బొమ్మలవి. వేసింది ఇక్కడి చిత్రకారులు. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరుంది, బ్యాంక్స్ పేరుంది, డైరెక్టర్ల ఆజ్ఞతో అచ్చేసినట్టుంది. బొమ్మలేసినవాళ్ల పేర్లు లేవు. వాళ్లకి ఆ తోట వ్యవహారంలో ఒక మాట అడిగే హక్కు కూడా లేదు. అందుకే దొర వెళ్లిపోగానే "తోట మాది, మేం చూసుకుంటాం" అనగలిగినవాడు ఊళ్లో ఎవడూ మిగల్లేదు. పని తెలిసినవాళ్లున్నారు, అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లకి పని తెలీదు, పట్టలేదు.

మా క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ విషయం చెబితే ఒక జూనియర్ "తెల్లవాడి వ్యాపారపు తోట పోతే పోయింది, మనకెందుకన్నా బాధ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ తోట మనకోసం పెట్టింది కాదు, నిజమే. కానీ అందులో చేరిన తెలివి మనది. మన పేర్లు, మన వైద్యం, మన కరువు అనుభవం. నూరేళ్ల కిందటి కరువు జ్ఞాపకాన్ని పిఠాపురం రాజావారి ఇంటి నుంచే ఆయన సేకరించుకున్నాడు. ఆ తెలివి పుస్తకంగా లండన్ వెళ్లింది, మొక్కలుగా కలకత్తా వెళ్లింది, ఇక్కడ మాత్రం ఏమీ మిగల్లేదు. 1814లో శ్రీరాంపూర్‌లో విలియం కేరీ, రాక్స్‌బర్గ్ పెంచిన కలకత్తా తోట మొక్కల జాబితా అచ్చేశాడు. అదే ఏడు అదే కేరీ తెలుగు వ్యాకరణం కూడా అచ్చేశాడు. మన మొక్కలూ మన భాషా రెండూ బెంగాల్లోనే పుస్తకాలయ్యాయన్నమాట. సాహితీ క్లబ్ వాళ్లుగా మనకు ఇది కాస్త గుచ్చుకోవాలి.

ఇప్పుడు ఉప్పాడ సంగతి. మా ఊరిని సముద్రం తినేస్తోందని మీరు న్యూస్‌లో చూస్తూనే ఉంటారు. ప్రతి తుఫానుకీ కాకినాడ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, ఇళ్లు పోతాయి. జియోట్యూబ్ గోడ కట్టారు. అలలు కొట్టీ కొట్టీ అదీ దెబ్బతింది. సివిల్ వాళ్లు డిజైన్ గురించి వాదించుకోవచ్చు. నాకు మాత్రం తాత ప్రశ్నే మళ్లీ వినిపిస్తుంది. కట్టిన తర్వాత రోజూ చూసేదెవరు? సంచి చిరిగితే ఎవరికి చెప్పాలి? గోడ పక్కనే పుట్టి పెరిగి, ఏ నెలలో అల ఎక్కడ కొడుతుందో చెప్పగల వేటగాళ్లకు ఆ గోడ మీద ఏ అధికారం ఉంది?

అధికారం పంచితే ఏం జరుగుతుందో మన పక్కనే ఉదాహరణ ఉంది. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. అటవీ శాఖదే పెత్తనం. అయినా పాడైపోయిన మడ అడవిని మళ్లీ పెంచేటప్పుడు స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి ఊరివాళ్లతో కమిటీలు వేశాయి. పోటు నీళ్లు లోపలికి రాక మడ చచ్చిపోతోందని గుర్తించి, చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, నారు నాటించారు. నీళ్లు ఆడితే మడ లేచింది. అన్ని సమస్యలూ తీరిపోయాయని నేననను. కానీ ఆ కాలువ పూడిపోతే మొదట చూసేది ఊరివాడే. చెప్పడానికి అతనికొక కమిటీ ఉండటమే పెద్ద తేడా.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎవరైనా "సామర్లకోటలో రాక్స్‌బర్గ్ స్మారక వనం పెడదాం" అంటే నేను చప్పట్లు కొట్టే ముందు "కమిటీలో ఎవరెవరు?" అని అడుగుతాను. విగ్రహం, ఫౌంటెన్, ఐ లవ్ సామర్లకోట బోర్డు అయితే నాకొద్దు. తీరానికి పనికొచ్చే చిన్న తోట అయితే కావాలి. చిట్టీత, మొగలి, పొన్న, తాటి. రంగుల కోసం చిరివేరు, అంకుడు, నీలి. ఉప్పాడ జాందానీకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. మగ్గం మీద ఉన్న మా బాబాయిని "చిరివేరు అంటే తెలుసా?" అని అడిగితే "పేరిన్నాన్రా, సూళ్లేదు" అన్నాడు. ఒకప్పుడు ఈ కోస్తా బట్టకు ఎర్ర రంగు ఇచ్చిన వేరు అది. నేత పోలేదు, వేరు కనపడకుండా పోయింది.

దాన్ని నడిపే పద్ధతికి కొత్తగా చట్టం కూడా అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి. 2004 నిబంధనల్లో ఆ కమిటీకి ఒక అధ్యక్షుడు, ఆరుగురు దాకా సభ్యులు, అందులో కనీసం మూడో వంతు ఆడవాళ్లు అని ఉండేది. ఊరివాళ్లతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడం వాళ్ల ముఖ్యమైన పని. ఏ మొక్క, ఏ పేరు, ఏ వాడకం, ఎవరు చెప్పారు. చూస్తే రాక్స్‌బర్గ్ చేసిన పనే ఇది. కాకపోతే ఈసారి రిజిస్టర్ ఊళ్లోనే ఉంటుంది, చెప్పినవాళ్ల పేరు కూడా అందులో ఉంటుంది.

అలాంటి కమిటీలో ఒక నేతగాడు ఉండాలి. చేపలమ్మే ఒక అమ్మ ఉండాలి. కడియంలో అంట్లు కట్టి చేయి తిరిగిన నర్సరీ మనిషి ఉండాలి. బోటనీ మాస్టారు ఉండాలి. తోటమాలి పనివాడిగా మాత్రమే కాదు, సభ్యుడిగా ఉండాలి. అతనికి కాంట్రాక్టర్ మారినా ఆగని జీతం ఉండాలి. కమిటీలో మనకు చోటు లేకపోయినా రిజిస్టర్ రాసే పని మనమే తీసుకోవచ్చు. డేటాబేస్ కట్టడం, మ్యాపింగ్ చేయడం మనకొచ్చిన పనులే. ఒక్క షరతు. ఫైనల్ ఇయర్ వాడు వెళ్లేముందు సెకండ్ ఇయర్ వాడికి అన్నీ చూపించి అప్పగించాలి. అలా అప్పగించకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

ఇవన్నీ పెద్ద మాటల్లా ఉన్నాయనిపిస్తే చిన్నదాంతో మొదలుపెడదాం. మా హాస్టల్ వెనకాల గుంత అలాగే ఉంది. తాత ఇప్పుడు లేడు, కాంట్రాక్టు మారితే వేరే చోటికి పంపేశారట. క్యాంపస్‌లో ఏ చెట్టు ఏదో, దేనికి ఎన్ని రోజులకోసారి నీళ్లో ఆయనొక్కడికే తెలుసు. ఆయన ఉన్నప్పుడు మేం రాసుకోలేదు. పేరు కూడా అడగలేదు, "తాతా" అని పిలిచి సరిపెట్టుకున్నాం. పుస్తకంలో చిత్రకారుల పేర్లు వేయని దొరల మీద కోపం తెచ్చుకునే ముందు నేను దీనికి సిగ్గుపడాలి.

అందుకే ఈ జూలైలో మేం నలుగురం ఒక నోట్‌బుక్ కొన్నాం. మొదటి పేజీలో ఆ గుంతకు నంబరు ఒకటి. నాటేది కానుగ. నీళ్లు పోసేవాళ్ల పేర్లు నెలవారీగా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలలకు సెలవుల్లో ఇంటికెళ్లని ఇద్దరి పేర్లున్నాయి. కొత్తగా వచ్చిన తోటమాలి పేరు అడిగి రాశాం. ఆయన్ని చూసుకోమని చెప్పలేదు, ఏం చేయాలో చెప్పమని అడిగాం. నోట్‌బుక్ చివరి పేజీలో, మేం వెళ్లిపోయాక ఇది ఎవరి దగ్గర ఉండాలో రాయడానికి ఒక గీత గీసి వదిలేశాం.

ఆ గీత మీద పేరు ఇంకా ఖాళీ. జూనియర్లలో ఎవరికైనా ఇష్టం ఉంటే క్లబ్ రూమ్‌కి రండి.